ఆ స్తంభం దేన్ని మోస్తోంది? (గ్రీస్, రోమ్ ట్రిప్ ప్రశ్నకి నా సమాధానం)

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఏథెన్స్, రోమ్ కలిపి పది రోజులు ఫ్యామిలీతో వెళ్తున్నారు, ఫోటోలు చూస్తే రెండు చోట్లా అవే స్తంభాలు, అవే త్రికోణం ముఖాలు, రోమన్లు గ్రీకుల్ని కాపీ కొట్టారు అంటారు అది నిజమేనా, మామూలు మనిషికి తేడా ఎలా తెలుస్తుంది, బడ్జెట్ సరిపోక గ్రీస్ వదిలేస్తే ఏమైనా పోతుందా. బాగా అడిగారు. ముందే చెప్పేస్తా, నేను హిస్టరీ మనిషిని కాదు. స్ట్రక్చరల్ ఇంజినీర్ని, సైట్ల మీద తిరగబట్టి 30 ఏళ్లు దాటింది, ఏథెన్స్ ఒకసారి రోమ్ రెండుసార్లు సొంత డబ్బులతో వెళ్లి మెడ పట్టేసేదాకా పైకి చూసి వచ్చినవాణ్ణి. దేవుళ్ల కథలు, చక్రవర్తుల గొడవలు వేరేవాళ్లు నాకంటే బాగా చెప్తారు, నేను బరువు సంగతి చెప్తా.

మన ఊళ్లలో ఫంక్షన్ హాళ్ల ముందు చూస్తుంటారు కదా, తలకాయ దగ్గర ఆకులు ఆకులుగా డెకరేషన్, దాని మీద బంగారు రంగు పూత, లావుపాటి తెల్ల స్తంభాలు. దగ్గరికెళ్లి వేలితో తట్టి చూడండి, చాలాచోట్ల డొల్ల శబ్దం వస్తుంది. లోపల సన్నటి మామూలు కాలమ్ ఉంటుంది, చుట్టూ ఫైబర్ తొడుగు. మేం దాన్ని ఎలివేషన్ అంటాం, అంటే చూపుకి తప్ప మోయడానికి కాదు. ఒక క్లయింటు నాతో, సార్ ముందు ఇంకో నాలుగు పిల్లర్లు వేయించండి రిచ్‌గా ఉంటుంది, మోయకపోయినా పర్లేదు అన్నాడు. అప్పుడు నవ్వుకున్నా గానీ కొలోసియం ముందు నిలబడ్డాక ఆ మనిషి గుర్తొచ్చాడు, ఎందుకంటే రెండు వేల ఏళ్ల కింద రోమన్లు చేసిందీ అదే పని, కాకపోతే చాలా గొప్పగా చేశారు.

అందుకే మీకు ఒకే ఒక్క పరీక్ష ఇస్తా. ఏ పాత కట్టడం ముందు నిలబడినా, ఈ స్తంభం తీసేస్తే పైన ఏం పడుతుంది అని అడగండి. గ్రీకు గుడి దగ్గర జవాబు, మొత్తం పడుతుంది. రోమ్‌లో చాలా పెద్ద కట్టడాల దగ్గర జవాబు, ఏమీ పడదు, గోడ కొంచెం బోడిగా కనిపిస్తుంది అంతే. అన్నిచోట్లా కాదు, రోమన్లకి కూడా నిజంగా మోసే స్తంభాలు బోలెడున్నాయి, వాటి దగ్గరికి వస్తా.

ముందు ఏథెన్స్. వంటింట్లో కడప బండ వేయించేటప్పుడు మేస్త్రి మధ్యలో ఒక సపోర్టు గోడ పెడదాం అంటాడు, వద్దు కింద ఖాళీగా ఉండాలి అని మనం అంటే నాలుగేళ్లకి మధ్యలో చీలుతుంది. రాయి గుణం అది. పైనుంచి నొక్కితే ఎంతయినా ఓర్చుకుంటుంది, వంచితే మాత్రం చటుక్కున పోతుంది, లాగే బలానికి రాయి ఓర్పు నొక్కే బలంలో ఇంచుమించు పదో వంతు అనుకోండి. గ్రీకులకి ఉన్నది రాయి, కట్టే పద్ధతి నిలువు మీద అడ్డం, అంటే స్తంభాల మీద రాతి దూలం. దూలం పొడుగు పెంచలేరు కాబట్టి స్తంభాలు దగ్గర దగ్గరగా రావాల్సిందే. ఏథెన్స్ కొండ మీదున్న పెద్ద గుడి పార్థెనాన్‌లో స్తంభం మధ్య నుంచి పక్క స్తంభం మధ్యకి 4.3 మీటర్ల చిల్లర, అందులో స్తంభమే దాదాపు 1.9 మీటర్ల లావు, అంటే మధ్యలో నడిచే సందు రెండున్నర మీటర్లు కూడా లేదు. పైన ఉన్న దూలం కూడా ఒకే రాయి కాదు, మూడు పలకలు పక్కపక్కన నిలబెట్టారు. ఒకదాంట్లో పగులొచ్చినా మిగతా రెండూ మోస్తాయి. దీన్నెవరూ అందం అని రాయరు గానీ నాకు అక్కడ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

పక్కనే గేటు కట్టడం, ప్రొపిలయా అంటారు, మ్నెసిక్లిస్ అనే ఆయన డిజైను, క్రీ.పూ. 437లో మొదలైంది. అందులో దూలాల మీద గాడి తీసి ఇనుప కమ్మీలు పెట్టారు, పైకప్పు బరువు దూలం నడిమధ్యలో పడకుండా ఆ ఇనుము మీద పడి స్తంభాల వైపు పోవాలని. ఇనుము, రాయి కలిపి ఆలోచించడం అప్పుడే ఉంది.

పార్థెనాన్ కట్టింది క్రీ.పూ. 447 నుంచి 432 దాకా, ఆర్కిటెక్టులు ఇక్టినోస్, కల్లిక్రటీస్, శిల్పాల పని చూసుకున్నది ఫిడియాస్, వెనకుండి నడిపించింది ఏథెన్స్ నాయకుడు పెరిక్లిస్. ముందు 8 స్తంభాలు, పక్కన 17. రాయి 16 కిలోమీటర్ల దూరంలోని పెంటెలికాన్ కొండ నుంచి తెచ్చారు. ఒక్కో స్తంభం పదీ పన్నెండు గుండ్రటి ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చింది, అతుకులో గోరు కూడా దూరదు. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. మేస్త్రీల భాషలో అసలు సంగతేంటంటే ఆ గుళ్లో రసమట్టం పెడితే ఎక్కడా మట్టం ఉండదు, మూలమట్టం పెడితే ఎక్కడా మూల కుదరదు, గుండు వేలాడదీస్తే ఏ స్తంభమూ నిట్టనిలువుగా ఉండదు, ఇదంతా కావాలనే చేశారు. గుడి నిలబడ్డ గచ్చు మధ్యలో ఉబ్బి ఉంటుంది, వెడల్పు వైపు 6 సెంటీమీటర్లు, 69 మీటర్ల పొడుగు వైపు 11 సెంటీమీటర్లు. స్తంభాలన్నీ కాస్త లోపలికి వాలి ఉంటాయి, వాటి గీతలు అలాగే పైకి పొడిగిస్తే రెండు కిలోమీటర్లకు పైన ఎక్కడో ఆకాశంలో కలుస్తాయి. మూలల్లో స్తంభాలు మిగతావాటికంటే కొంచెం లావు, కొంచెం దగ్గర. స్తంభం కింద నుంచి పైకి సన్నబడుతూ మధ్యలో సన్నగా పొట్ట వేసుకుంటుంది, దాన్ని ఎంటాసిస్ అంటారు.

ఎందుకు చేశారు అంటే కళ్లని సరిచేయడానికి అని పుస్తకాల్లో ఉంటుంది, పొడవాటి మట్టం గీత దూరం నుంచి మధ్యలో కుంగినట్టు కనపడుతుందని రోమన్ ఆర్కిటెక్ట్ విట్రూవియస్ రాశాడు. వాన నీళ్లు జారిపోవడానికి అని కూడా అంటారు. నాకైతే కారణం కంటే పని ముఖ్యం. గచ్చు వంకర తిరిగితే దాని మీద ప్రతి స్తంభం అడుగు రాయీ ఏటవాలుగా కోయాలి, ఏ రెండూ ఒకేలా ఉండవు, ఒకదాని ముక్క ఇంకోదాంట్లో పెట్టలేరు. లెవెల్ పైపు కూడా సరిగ్గా పట్టుకోని సైట్లలో బతికినవాణ్ణి, 11 సెంటీమీటర్ల ఉబ్బుని 69 మీటర్ల మీద సాఫీగా తేవడం అంటే ఏంటో నాకు తెలుసు. గ్రీకులు డ్రాయింగులు ఎలా వేసుకున్నారో కూడా ఒకచోట దొరికింది, ఇప్పటి టర్కీలో దిదిమా అనే ఊళ్లో అపోలో గుడి గోడల మీద సన్నగా గీకిన గీతలు, 1979లో గుర్తుపట్టారు, అందులో స్తంభం పొట్ట ఎంత రావాలో లెక్క ఉంది. గోడలు చివర్న నునుపు చేసుంటే అవి పోయేవి, గుడి పూర్తికాలేదు కాబట్టి మిగిలాయి. సగంలో ఆగిన సైటు వల్ల కూడా ఒక్కోసారి లాభమే.

మీరు ఈ ఉబ్బు చూడాలంటే గుడికి ఒక మూలకి వెళ్లి మెట్ల అంచు వెంబడి కన్ను పెట్టండి, దారం లాగి చూసినట్టు. మధ్యలో లేచి అటువైపు దిగిపోవడం తెలుస్తుంది. నేను వెళ్లిన టూర్ ప్యాకేజీ వాళ్లు కొండ మీద 40 నిమిషాలు ఇచ్చారు, ఎక్కడానికే సగం పోయింది, అలాంటిది బుక్ చేసుకోకండి. ఎండ మరీ ఎక్కువైన రోజుల్లో మధ్యాహ్నం మూసేస్తున్నారు కూడా, పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకోండి. ఇంకోటి, అక్కడి పాలరాయి కోట్ల మంది నడిచి నడిచి నున్నగా గాజులా అయిపోయింది, పెద్దవాళ్లకి మంచి గ్రిప్ ఉన్న బూట్లు కొనండి, చెప్పులొద్దు.

అక్కడ క్రేన్లు, ఇనుప పరంజా కనపడితే ఫోటో పాడైందని తిట్టుకుంటారు చాలామంది, తిట్టుకోకండి, వాళ్లు సరిచేస్తున్నది పాత రిపేరు. రాయికి రాయికి పట్టు ఉండాలని గ్రీకులు ఇనుప క్లాంపులు పెట్టి చుట్టూ సీసం కరిగించి పోశారు, తుప్పు పట్టకుండా. 1687లో ఒట్టోమాన్లు లోపల తుపాకీ మందు దాచితే వెనిస్ సైన్యం ఫిరంగి గుండు పడి గుడి మధ్య భాగం పేలిపోయింది, ఆ తర్వాత 1801 నుంచి బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్ మనుషులు శిల్పాలు ఊడదీసి లండన్ పట్టుకెళ్లారు, అదంతా మీకు గైడు చెప్తాడు. గైడు చెప్పనిది 20వ శతాబ్దం మొదట్లో బలానోస్ అనే ఇంజినీరు పడిపోయిన ముక్కలు తిరిగి నిలబెడుతూ మామూలు ఇనుము వాడాడు, సీసం రక్షణ లేకుండా. తుప్పు పడితే ఇనుము ఉబ్బుతుంది కదా, పాలరాయిని లోపల్నుంచి చీల్చింది. మన అపార్ట్‌మెంట్లలో బాల్కనీ స్లాబు పెచ్చులూడి రాడ్డు బయటికి కనపడుతుంది చూడండి, అచ్చం అదే జబ్బు. 1975 నుంచి కమిటీ వేసుకుని ఆ ఇనుమంతా పీకి టైటానియం పెడుతున్నారు. పాత క్లాంపులు రెండు వేల నాలుగొందల ఏళ్లు ఆగాయి, కొత్తవి వందేళ్లు కూడా ఆగలేదు.

రంగు గురించి ఒక్క మాట, ఎందుకంటే ఫోటోలన్నీ తెల్లగా ఉంటాయి. గుళ్లూ విగ్రహాలూ రంగులు వేసినవే. ఎరుపు, నీలం, బంగారు రంగు, పైన చెక్కిన బొమ్మల వెనక గట్టి రంగు. మన గోపురాలకి నిండా రంగులు వేస్తే కొందరు ముఖం చిట్లించుకుంటారు, పాతకాలం ఏథెన్స్‌కి వెళ్లి ఉంటే వాళ్లకి అక్కడా అదే అనిపించేది. పార్థెనాన్ శిల్పాల మీద ఈజిప్షియన్ బ్లూ అనే రంగు జాడ ప్రత్యేకమైన కెమెరాతో ఈమధ్యే పట్టుకున్నారు, కంటికి కనపడదు. తెలుపే అందం అనే నమ్మకం తర్వాత యూరప్ వాళ్లు తెచ్చుకున్నది, 1930ల్లో బ్రిటిష్ మ్యూజియంలో ఆ శిల్పాలు తెల్లగా రావాలని రాగి పనిముట్లతో గీకారు కూడా.

ఇప్పుడు రోమ్. తేడా మొదట చూడాల్సింది పెద్ద కట్టడంలో కాదు, టైబర్ నది పక్కన పోర్టునస్ గుడి అని చిన్నది ఉంటుంది, సత్యం చెప్పే నోరు అని జనం క్యూ కట్టే రాతి ముఖం ఉంది కదా దాని ఎదురుగానే. టికెట్ లేదు, బయట నుంచే చూడాలి, పది నిమిషాల పని. గ్రీకు గుడి అయితే నాలుగు వైపులా మెట్లు, చుట్టూ స్తంభాలు, ఎటునుంచి చూసినా ఒకటే. ఇది ఎత్తయిన అరుగు మీద ఉంటుంది, మెట్లు ముందు మాత్రమే, ముందు వరండాలో స్తంభాలు నిజమైనవి, పక్కకి వెళ్లండి, అక్కడ స్తంభాలు సగమే ఉంటాయి, గోడలోంచి బయటికి ఉబ్బినట్టు. అవి ఏమీ మోయట్లేదు, గోడే మోస్తోంది. గ్రీకు గుడి వేషం వేసుకున్న రోమన్ గది అది.

అదే ఆలోచన భారీగా చేస్తే కొలోసియం, రోమన్ల పోటీల స్టేడియం. క్రీ.శ. 72 ప్రాంతంలో చక్రవర్తి వెస్పాసియన్ మొదలుపెట్టాడు, 80లో కొడుకు టైటస్ తెరిచాడు, 189 మీటర్ల పొడుగు, 156 వెడల్పు, 48 ఎత్తు, కింద చుట్టూ 80 ఆర్చీలు, వాటి మీద నంబర్లు చెక్కి ఉంటాయి, టికెట్టులో ఉన్న నంబరు గేటుకి వెళ్లడానికి, కొన్ని ఇప్పటికీ చదవొచ్చు. బయట ముఖం మీద కింది అంతస్తులో తలకాయ సాదాగా ఉండే డోరిక్ లాంటివి, రెండోదాంట్లో చుట్టలు తిరిగిన అయోనిక్, మూడోదాంట్లో ఆకులున్న కొరింథియన్, నాలుగోది చదును పట్టీలు. గ్రీకులు మూడు రకాల్ని మూడు ఊళ్ల మర్యాదల్లా చాలావరకు విడివిడిగా గౌరవంగా వాడితే, వీళ్లు అంతస్తుకొకటి చొప్పున ఎలివేషన్‌కి అంటించారు. మోసేది మొత్తం ఆర్చీ. ఆర్చీలో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది తప్ప ఏదీ వంగదు, కడప బండ సమస్య అక్కడ లేదు. గోడల నిండా కంతలు కనపడతాయి, యుద్ధం గుర్తులేమో అనుకోకండి, తర్వాతి శతాబ్దాల్లో జనం రాళ్ల మధ్య ఇనుప క్లాంపులు పీక్కుపోయారు. పీక్కుపోయినా నిలబడింది.

ఇక చక్రవర్తి ట్రాజన్ స్తంభం, క్రీ.శ. 113. ముప్ఫై మీటర్ల స్తంభం, చుట్టూ రెండొందల మీటర్ల పొడుగున చుట్టుకున్న యుద్ధం బొమ్మలు, లోపల గుండ్రంగా తిరిగే మెట్లు. మోసేది పైన ఒక్క విగ్రహాన్ని, అది కూడా ఇప్పుడు చక్రవర్తిది కాదు, 1587లో పోప్ సెయింట్ పీటర్‌ని ఎక్కించాడు. స్తంభానికి ఇంక మోసే ఉద్యోగం పోయి హోర్డింగ్ ఉద్యోగం వచ్చిందన్నమాట.

స్తంభం ఉద్యోగం ఎందుకు పోయింది అంటే కాంక్రీట్ వల్ల. మీ ఇంటికి వాడిన సిమెంటు బస్తా మీద పీపీసీ అని ఉండి ఉంటుంది, పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంట్. ఆ పొజొలానా అనే మాట నేపుల్స్ పక్కన పొట్సువోలి అనే ఊరి పేరు. అక్కడి అగ్నిపర్వతం బూడిద సున్నంలో కలిపితే నీళ్లలో కూడా గట్టిపడుతుందని రోమన్లు కనిపెట్టారు, సముద్రంలో రేవు కట్టడానికి రెండు పాళ్ల బూడిదకి ఒక పాలు సున్నం అని విట్రూవియస్ కొలత కూడా ఇచ్చాడు. మన బస్తాలో ఆ బూడిద బదులు థర్మల్ ప్లాంటు ఫ్లై యాష్ ఉంటుంది, పని ఒకటే. మన తాతల ఇళ్లలో గానుగ సున్నంలో ఇటుక పొడి, సుర్ఖీ అంటారు, కలిపేవాళ్లు కదా, బూడిద దొరకని చోట రోమన్లు కూడా అదే చేశారు, కుండ పెంకులు దంచి కలిపారు. ఇంకో సంగతి, మనలాగా పల్చగా కలిపి పైపులో పోయలేదు. రెండువైపులా ఇటుక గోడ లేపి మధ్యలో గట్టి మాలు ఒక వరస, పిడికెడు పిడికెడు రాళ్లు ఒక వరస చేత్తో పేర్చి కుక్కేవాళ్లు.

ఇక్కడ అందరూ అడిగేది, రోమన్ కాంక్రీట్ రెండు వేల ఏళ్లు ఉంటే మన అపార్ట్‌మెంట్ నలభై ఏళ్లకే ఎందుకు ముసలిదవుతోంది అని. 2023లో ఒక రీసెర్చ్ వచ్చింది, మాలులో కరగకుండా మిగిలిన తెల్ల సున్నం గడ్డలు పగుల్లోకి నీళ్లొచ్చినప్పుడు కరిగి మళ్లీ గడ్డకట్టి పగులు పూడుస్తాయని. మంచి పనే, పేపర్లవాళ్లు మాత్రం మాయ కాంక్రీట్ అని రాసేశారు. నా లెక్క వేరు. ఒకటి, అందులో రాడ్డు లేదు, తుప్పు పట్టేదే లేనప్పుడు పెచ్చులూడేది ఏముంది. రెండు, అంతా ఆర్చీ, గుమ్మటం, అంటే నొక్కుడే తప్ప వంగుడు తక్కువ, రాడ్డు అవసరమే రానీయలేదు. మూడు, పెద్ద కట్టడాల్లో గోడలు ఆరు మీటర్ల దాకా మందం, ఏ బిల్డరైనా మీకు ఆరు మీటర్ల గోడ కట్టిస్తాడా? నాలుగోది జనం మర్చిపోయేది, నిలబడినవే మనకి కనపడుతున్నాయి. రోమ్‌లో అద్దె ఇళ్లు, ఐదారు అంతస్తుల కొంపలు, కూలిపోతుంటాయని అప్పటి కవులే ఏడ్చారు. చీటింగ్ కాంట్రాక్టర్లు వాళ్లకీ ఉన్నారు.

అన్నిటికంటే ఎక్కువ టైము పాంథియన్ అనే గుమ్మటం గుడికి పెట్టండి. మీ ప్రశ్నకి జవాబు మొత్తం ఆ ఒక్క కట్టడంలో ఉంది, ఎందుకంటే ముందు సగం గ్రీకు, గుమ్మం దాటితే రోమన్. ముందు వరండాలో 16 స్తంభాలు, ఈజిప్టు నుంచి తెచ్చిన గ్రానైట్, ఒక్కొక్కటి ఒకే రాయి, 12 మీటర్లకి దగ్గర, అరవై టన్నులు. ఇవి నిజంగా మోస్తాయి, పరీక్ష పెడితే పాస్. లోపలికి అడుగుపెట్టగానే 43.3 మీటర్ల వెడల్పు గుమ్మటం, నేల నుంచి నడినెత్తి దాకా ఎత్తు కూడా అంతే, మధ్యలో ఒక్క స్తంభం లేదు. పోల్చుకోవడానికి, బీజాపూర్ గోల్ గుంబజ్ చూసే ఉంటారు, అది 38 మీటర్లు, 1500 ఏళ్ల తర్వాతది. ఇనుము వేయని కాంక్రీట్ గుమ్మటాల్లో ఇప్పటికీ ఇదే పెద్దది.

ఎలా ఆపారంటే పైకి వెళ్లే కొద్దీ కాంక్రీట్ తేలిక చేశారు. పునాదిలో బరువైన రాళ్లు, ఆ పైన టఫ్ అనే మెత్తటి రాయీ ఇటుక ముక్కలూ, చిట్టచివర నీళ్లలో తేలే ప్యూమిస్ అనే రాయి. మన రామప్ప గుడి శిఖరంలో నీళ్లలో తేలే ఇటుకలు వాడారు కదా, వెయ్యేళ్ల దూరంలో ఎవరికి వాళ్లకి తట్టిన ఉపాయం అది. మందం కూడా కింద 6 మీటర్లు, పైన కంత దగ్గర 1.2 మీటర్లే. నడినెత్తిన ఎనిమిది తొమ్మిది మీటర్ల కంత, అక్కడ బరువు తీసేశారు, అంచు చుట్టూ ఇటుక రింగు నొక్కి పట్టుకుంటుంది. ఆ కంతలోంచి వాన పడదు అని కొందరు గైడ్లు చెప్తారు, అబద్ధం, శుభ్రంగా పడుతుంది, నేల కొంచెం ఉబ్బుగా వేసి నీళ్లు పోవడానికి చిన్న కంతలు పెట్టారు, వెతకండి. గుమ్మటం కింది సగంలో నిలువు పగుళ్లు కూడా ఉన్నాయి, అంటే నిజానికి అది ఒక్క టోపీలా కాకుండా చుట్టూ నిలబెట్టిన ఆర్చీల గుంపులా పనిచేస్తోంది, ఆ తోపుడంతా లావుపాటి గోడ కాస్తోంది. దీనికి సెంట్రింగ్ ఎలా కట్టారు అన్నది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు, 43 మీటర్ల ఎత్తులో గోళాకారం చెక్క పని, ప్రతి గూడూ వంపు తిరిగి, వరసకి 28 చొప్పున ఐదు వరసలు.

లోపల గోడ గూళ్ల ముందు రంగురాళ్ల స్తంభాలు జంటలుగా ఉంటాయి, గుమ్మటాన్ని అవే మోస్తున్నట్టు అనిపిస్తుంది. బయటికొచ్చి పక్క సందులోకి తిరిగి గోడ చూడండి, ఇటుకల్లో పెద్ద పెద్ద ఆర్చీలు పూడ్చి కనపడతాయి, గూళ్ల మీద పడాల్సిన బరువుని పక్కకి తోసేవి అవి. లోపల అలంకారం, గోడలో అసలు పని.

ముఖం మీద పెద్ద అక్షరాలతో అగ్రిప్పా కట్టించాడు అని ఉంటుంది, నమ్మకండి. అగ్రిప్పాది కాలిపోయింది, తర్వాతది కూడా కాలిపోయింది, ఇది ట్రాజన్ చివరి రోజుల్లో మొదలై తర్వాతి చక్రవర్తి హేడ్రియన్ కాలంలో పూర్తయింది, క్రీ.శ. 125 అటుఇటు. హేడ్రియన్ పాత పేరే మళ్లీ చెక్కించాడు. ఈ సంగతి తేల్చింది ఇటుకలు. మన బట్టీల వాళ్లు ఇటుక మీద అక్షరాలు అచ్చు వేస్తారు చూడండి, రోమన్ బట్టీలూ ముద్రలు కొట్టేవి, వాటిని బట్టి ఏళ్లు లెక్కకట్టారు. ఇంకో తమాషా, వరండా కప్పు త్రికోణం వెనక గోడ మీద ఇంకా ఎత్తులో రెండో త్రికోణం గీత కనపడుతుంది. ముందు ఇంకా పొడుగు స్తంభాలు అనుకుని, ఈజిప్టు నుంచి పొట్టివి వచ్చేసరికి సర్దుకున్నారని కొందరు పండితుల అనుమానం. మెటీరియల్ తప్పు సైజు రావడం అనే బాధ తెలిసినవాణ్ణి కాబట్టి నేను నమ్ముతా. అన్నట్టు 2023 జులై నుంచి టికెట్ పెట్టారు, అప్పట్లో 5 యూరోలు.

కాపీ సంగతికొస్తే, విగ్రహాల్లో మాత్రం నిజంగానే కొట్టారు, దాచుకోలేదు కూడా. క్రీ.పూ. 146లో కొరింథ్‌ని దోచాక గ్రీకు శిల్పాలు ఓడల కొద్దీ రోమ్‌కి వచ్చాయి, డబ్బున్నవాళ్లకి పిచ్చి పట్టింది, ఒరిజినల్ దొరకనివాళ్లు పాలరాతి కాపీలు చేయించుకున్నారు. గ్రీకులవి ఎక్కువ కంచువి, తర్వాతివాళ్లు కరిగించేశారు, అందుకే పాలిక్లెటస్ చేసిన ఈటె మోసే కుర్రాడు మనకి కాపీల్లోనే తెలుసు, మంచిదొకటి పాంపేయిలో దొరికింది, నేపుల్స్ మ్యూజియంలో ఉంది. దాని కాలు పక్కన ఒక చెట్టు మొద్దు ఉంటుంది, సంబంధం లేకుండా. అక్కడ కూడా అదే ప్రశ్న వేయండి, ఆ మొద్దు తీసేస్తే? చీలమండ దగ్గర విరిగి పడతాడు. కంచు డొల్లగా ఉంటుంది, లాగినా వంచినా ఓర్చుకుంటుంది, మొద్దు అక్కర్లేదు, పాలరాయికి కావాలి. ఏథెన్స్ నేషనల్ మ్యూజియంలో 1920ల్లో సముద్రంలో దొరికిన కంచు దేవుడున్నాడు, జ్యూసో పొసైడనో, రెండు మీటర్ల పైన, రెండు చేతులూ బారచాచి ఒక మడమ, ఒక మునివేళ్ల మీద నిలబడి ఉంటాడు. దాన్ని పాలరాతిలో చేస్తే చేతుల కింద కర్రలు పెట్టాలి. రోమ్‌లో పలాత్సో మాసిమోలో కూర్చున్న బాక్సర్ కంచు విగ్రహం ఉంది, దెబ్బల మీద రక్తం చూపించడానికి ఎర్ర రాగి పొదిగారు, క్యూ లేదు, చాలామంది మిస్సవుతారు. అయితే ముఖాల విషయంలో రోమన్లది చాలావరకు సొంత దారి, బట్టతల, ముడతలు, వేలాడే గడ్డం, ఉన్నదున్నట్టు, మన ఊరి పెద్దమనుషుల్లా ఉంటారు.

నేపుల్స్ మ్యూజియానికి వెళ్తే ఇంకోటి అడగండి, పాంపేయి లక్ష్మి అని చిన్న దంతం బొమ్మ. 1938లో పాంపేయిలో దొరికింది, అంటే క్రీ.శ. 79లో అగ్నిపర్వతం పేలేనాటికే మన దేశం నుంచి వెళ్లింది. లక్ష్మి కాదు యక్షి అంటున్నారు ఇప్పుడు. శాతవాహనుల కాలం. ఊరి మనిషి కనపడినట్టు ఉంటుంది.

చివరిది, గ్రీస్ వదిలేస్తే ఏం పోతుంది. పార్థెనాన్ పోతుంది, దానికి బదులు లేదు. కానీ గ్రీకు గుడి చూడ్డానికి గ్రీసే వెళ్లక్కర్లేదు. నేపుల్స్‌కి దక్షిణంగా రైలులో గంటకి కాస్త పైన పేస్టమ్ అని ఉంది, గ్రీకులు ఇటలీకి వలసొచ్చి కట్టుకున్న ఊరు, మూడు గుళ్లు దాదాపు నిలువెత్తున నిలబడి ఉన్నాయి. జనం లేరు, గడ్డి మైదానం. అందులో పాతది క్రీ.పూ. 550 ప్రాంతం, స్తంభాల పొట్ట ఎంత ఉంటుందంటే కంటితోనే తెలుస్తుంది, తలకాయలు బరువుకి నొక్కుకుపోయిన దిండుల్లా ఉంటాయి. ముందు స్తంభాలు లెక్కపెట్టండి, తొమ్మిది వస్తాయి. తొమ్మిది బేసి కదా, అంటే నడిమధ్యలో స్తంభం, లోపల కూడా నడిమధ్యలో ఒక వరస, కప్పు వెన్నుని మోయడానికి. మరి దేవుణ్ణి ఎక్కడ పెడతారు, స్తంభం అడ్డం కదా? వందేళ్ల తర్వాత పక్కనే కట్టిన గుడికి ముందు ఆరే ఉంటాయి. పిల్లలకి జవాబు చెప్పకండి, ముందు పాతదాని మధ్య వరస చూపించి, తర్వాత పక్కదాంట్లోకి తీసుకెళ్లి ఆ వరస ఏమైందో వాళ్లనే వెతకమనండి. రెండంతస్తులుగా ఒకదాని మీద ఒకటి ఎక్కిన చిన్న స్తంభాలు కనపడే చోట ఆగండి. వెనక్కొచ్చే రైలు టైము మాత్రం ముందే చూసుకోండి, నేను చూసుకోక స్టేషన్లో గంటన్నర కూర్చున్నా.